విజయవాడ, గుంటూరుల్లో వ్యాపారం చేసే క్రైస్తవ మహిళలకు తోడు ఎక్కడ దొరుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ సంఘంలోనైనా స్త్రీల కూడికలో ఒకసారి చుట్టూ చూడండి. కుట్టుమిషన్ పెట్టుకున్నవారు, పచ్చళ్ళు పట్టేవారు, క్రిస్మస్‌కు కేకులు చేసి ఇచ్చేవారు, పార్లర్ నడిపేవారు, చీరలు తెచ్చి అమ్మేవారు నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు. పక్కపక్కనే కూర్చుని పాటలు పాడతారు. ఒకరి అప్పు సంగతి గానీ, ఒకరి సరుకు ఎక్కడి నుంచి వస్తుందో గానీ మరొకరికి తెలియదు. అలాంటివారు పదే పదే అడిగే ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

నేను చేసేది ఇంట్లో చిన్న పని. దాన్ని వ్యాపారం అనవచ్చా?

డబ్బు తీసుకుని వస్తువో పనో ఇస్తున్నారంటే వ్యాపారమే. "ఏదో ఖాళీగా ఉండలేక చేస్తున్నానండీ" అని చెప్పుకునే అలవాటు మన ఆడవాళ్ళకు చాలా ఖరీదు పడింది. నరసాపురం లేసు సంగతే తీసుకోండి. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు గోదావరి ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారు. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. అల్లేది ఇళ్ళలో ఆడవాళ్ళు, ఎగుమతి చేసేదీ ధర తేల్చేదీ మగ వ్యాపారులు. అల్లేవారిని "ఇంటి పని అయ్యాక తీరికగా అల్లుకునే గృహిణులు" అన్నారు. తీరిక పనికి కూలి ఎక్కువ ఎవరిస్తారు? ఎవరింట్లో వారు విడివిడిగా అల్లుతూ, పక్కింటామెకు ఎంత ముడుతుందో తెలియనంత కాలం రేటు పెంచమని అడగడానికి నోరే రాదు.

ఇప్పుడు మగ్గం వర్క్ చేసే అమ్మాయిల పరిస్థితి అందుకు భిన్నంగా ఉందని నేననుకోను.

ప్రార్థన కూడిక ఉంది కదా, అది చాలదా?

కూడిక కావాలి, అందులో సందేహం లేదు. అయితే ప్రార్థన మనవి ఎలా చెబుతున్నామో గమనించండి. "నా వ్యాపారం కోసం ప్రార్థించండి" అంటే అందరూ తల ఊపుతారు, ప్రార్థిస్తారు, ఇళ్ళకు వెళతారు. అదే "పదో తారీఖులోగా బ్యాంకుకు 18 వేలు కట్టాలి, నాకు బయటి నుంచి 23 వేలు రావాలి, అడగడానికి మొహమాటంగా ఉంది" అని చెప్పి చూడండి. ప్రార్థన ఆగదు. దానితో పాటు ఒక అక్క లేచి "రేపు నేను తోడు వస్తాను, ఇద్దరం వెళ్ళి అడుగుదాం పద" అంటుంది. అంకె చెప్పినప్పుడే ఎదుటివారికి ఏ సాయం చేయాలో తెలుస్తుంది.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి అందరం ముందుకు వస్తాం, లెక్క చెప్పడానికి మాత్రం సిగ్గు. నష్టం వచ్చిందంటే విశ్వాసం తక్కువైందని అనుకుంటారేమోనన్న భయం ఒకటి. ఈ భయం పోగొట్టడమే చిన్న గుంపు చేయవలసిన మొదటి పని.

వాక్యంలో దీనికి ఆధారం ఉందా అని మా ఇంట్లో అడుగుతున్నారు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియ ఊదారంగు సరుకు అమ్మే స్త్రీ. పౌలుకు ఆమె కనబడింది నది ఒడ్డున, ప్రార్థనకు కూడుకున్న స్త్రీల మధ్య. 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టేవారు, పౌలుదీ అదే వృత్తి గనుక వారితో కలిసి పని చేశాడు. ఇంతకంటే ఆధారం కావాలా అని మర్యాదగా అడగండి.

సరే, ఒక గుంపు మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

ఐదారుగురు చాలు. పదిమంది దాటితే మాట్లాడేవారే మాట్లాడతారు, వినేవారు వింటూ ఉండిపోతారు. నెలకు రెండుసార్లు, గంటన్నర. ఎవరి ఇంట్లోనైనా సరే, కానీ టిఫిన్ల పోటీ పెట్టుకోవద్దు. ఒక ఇంట్లో ఉప్మా, మరో ఇంట్లో బిర్యానీ అయితే మూడో ఇంటామె రావడం మానేస్తుంది. టీ, బిస్కెట్లు అని ముందే తేల్చుకోండి.

పుస్తకం లేకుండా రావద్దు. ఖరీదైన పుస్తకం అక్కర్లేదు, పిల్లల రూళ్ళ నోటు పుస్తకం చాలు. ఎడమ పేజీలో వచ్చినది, కుడి పేజీలో పోయినది, చివరి పేజీలో ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలో. ప్రతి ఒక్కరూ తన చివరి పేజీ పైకి చదవాలి. వినడానికి సులువుగానే ఉంటుంది గానీ మొదటిసారి గొంతు పెగలదు. "పెద్దమ్మగారి కోడలు, మూడు జాకెట్లు, 1,350, ఈస్టరు నుంచి" అని చదివేసరికి మిగిలినవాళ్ళంతా నవ్వేస్తారు, ఎందుకంటే అందరి పుస్తకంలోనూ ఒక పెద్దమ్మగారి కోడలు ఉంటుంది.

రెండు నియమాలు రాసిపెట్టుకోండి. ఇక్కడ విన్నది చర్చి ఆవరణలో మాట్లాడకూడదు. ఈ గుంపులో ఒకరికొకరు అప్పు ఇచ్చుకోకూడదు, హామీ సంతకం పెట్టకూడదు. రెండోది కఠినంగా అనిపిస్తుంది. కానీ అప్పు పుట్టిన రోజు నుంచి పుస్తకంలో నిజం రాయడం ఆగిపోతుంది. ఇవ్వవలసినవారి ముందు "ఈ నెల లాభం వచ్చింది" అని ఎవరు చదువుతారు?

లెక్క చూసుకుంటే నిజంగా ఏమైనా తేడా వస్తుందా?

కేకు లెక్క ఒకటి వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. కిలో ప్లం కేకు 700కు ఇస్తున్నారనుకుందాం. మైదా, పంచదార, గుడ్లు, వెన్న, ఎండు పళ్ళు కలిపి 380. "సగానికి సగం మిగులుతోంది" అని ఆనందపడతారు. ఇక పక్కన కూర్చున్న అక్క అడగడం మొదలుపెడుతుంది. పెట్టె ఎంత? 25. ఓవెన్ కరెంటు? 20 వేసుకోండి. పటమట నుంచి గుణదలకు ఆటోలో ఇచ్చి వచ్చారు కదా, అది? ఒక్కో కేకుకు 40. మాడిపోయినవి, రుచి చూపించడానికి కోసినవి? ఇరవై కేకుల్లో ఒకటి పోయిందనుకున్నా దాని సరుకు ఖర్చు మిగతా వాటి మీద కేకుకు 20 చొప్పున పడుతుంది. అన్నీ పోగా మిగిలింది 215. దానికి మీరు రెండున్నర గంటలు నిలబడ్డారు.

ధర పెంచాలా, అర కిలోవి ఎక్కువ చేయాలా, ఇంటికి తెచ్చి ఇవ్వడం మానేయాలా అన్నది మీ ఇష్టం. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు మనల్ని మనం వేసుకోం. అలసిపోయి పడుకుంటాం.

ఒకే పని చేసేవారు ఇద్దరుంటే పోటీ రాదా?

వస్తుంది. చీర మీద చీర అమ్మే ఇద్దరు ఒకే గుంపులో కుదురుకోవడం కష్టం. కుట్టుపని, కేకులు వేరు. డిసెంబరు 15 తరువాత ఏ దర్జీ దగ్గరా ఖాళీ ఉండదు. "ఇక తీసుకోలేనండీ" అని పంపించేసే బదులు పక్కామె దగ్గరికి పంపితే, ఫిబ్రవరిలో ఆమె మీ దగ్గరికి పంపుతుంది. సరుకు కలిపి కొనడంలో లాభం ఇంకా ఎక్కువ. విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్టులో లైనింగు గుడ్డ ఒక్కరు నాలుగు మీటర్లు అడిగితే ఒక ధర, ముగ్గురు కలిసి తానుకు తాను అడిగితే ఇంకో ధర. పచ్చళ్ళవాళ్ళు గుంటూరులో కారానికి మిరపకాయలు టిక్కీ (బస్తా) లెక్కన కలిపి కొని, ఒకేసారి మిల్లు పట్టించుకుంటే రంగు, ఘాటు ఏడాదంతా ఒకే తీరుగా ఉంటాయి.

పాస్టరు గారి అనుమతి తీసుకోవాలా?

చెప్పండి. గది అడగండి, ప్రార్థన చేసి ప్రారంభించమనండి. డబ్బు మాత్రం సంఘం ఖాతాలోకి పోకూడదు, సంఘ పెద్దలు కోశాధికారులుగా ఉండకూడదు. అయ్యగారి మీద అనుమానం ఉండి కాదు. ఎక్కడైనా వెయ్యి రూపాయల తేడా వస్తే అది మీ గుంపు గొడవగా ఆగదు, సంఘం గొడవ అవుతుంది. లూథరన్ సంఘమైనా, దక్షిణ ఇండియా సంఘమైనా, కథోలిక విచారణైనా, బైబిలు మిషను అయినా, స్వతంత్ర సంఘమైనా ఇది ఒకటే. గుంపులో వేర్వేరు సంఘాలవారు ఉంటే ఇంకా మంచిది. మీ చర్చిలో చెప్పలేని మాట అక్కడ చెప్పవచ్చు.

చర్చి ఆవరణలో అమ్ముకోవచ్చా?

ఆరాధన ముగిసీ ముగియకముందే సంచి తెరవడం చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు. స్త్రీల సమాజం వారు జరిపే అమ్మకాలు, కోత పండుగ, క్రిస్మస్ ముందరి రోజులు దానికి తగిన సందర్భాలు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. లక్షల్లో జనం వస్తారు. అక్కడ చిన్న కొట్టు పెట్టాలంటే ఫిబ్రవరిలో కాదు, డిసెంబరులోనే వెళ్ళి అడగాలి, ఇద్దరు ముగ్గురు కలిసి అద్దె పంచుకోవాలి.

"సిస్టర్ కదా, తగ్గించండి" అంటారు. "వచ్చే ఆదివారం ఇస్తాను" అంటారు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడగని మనిషి ఇంతవరకు మాకు తారసపడలేదు.

తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఎంతో, ఎవరికో మీరే ముందు నిర్ణయించుకోండి. పేద పిల్ల పెళ్ళి గౌను ఉచితంగా కుట్టి ఇవ్వండి, అది కానుక. జీతాలొచ్చే ఇంటి ఆవిడ వంద తగ్గించమంటే తగ్గించడం కానుక కాదు, మొహమాటం. రెండూ పుస్తకంలో వేర్వేరు గడుల్లో రాస్తే తేడా కనబడుతుంది.

అరువుకు ఒక మాట అలవాటు చేసుకోండి: "అక్కా, సగం ముందిస్తే గుడ్డ కోస్తాను." నవ్వుతూనే చెప్పవచ్చు. పాత బాకీ అడగడానికి మీరు వెళ్ళలేకపోతే గుంపులోని మరొకామెను పంపండి. మీ బాకీ ఆమె అడుగుతుంది, ఆమె బాకీ మీరు అడుగుతారు. మన కోసం అడగడానికి నోరు రాదు గానీ, పక్కవారి కోసం బాగానే వస్తుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియదు, పనిచేస్తుంది.

దశమభాగం అమ్మకం మీద ఇవ్వాలా, లాభం మీదా?

వేదాంత చర్చ మీ కాపరితో చేయండి. వ్యాపారపు లెక్క మాత్రం ఇది: నెలలో 40 వేల అమ్మకం జరిగి, అందులో 31 వేలు సరుకు, అద్దె, కరెంటు అయితే ఆ 31 వేలు మీ రాబడి కాదు, సరుకు కొట్టువాడిది, ఇంటి యజమానిది, కరెంటు ఆఫీసుది. మీ చేతికి వచ్చింది 9 వేలు. 40 వేల మీద పదో వంతు తీసి ఇచ్చి, వచ్చే నెల సరుకుకు వడ్డీకి తెచ్చేవారిని చూస్తూనే ఉన్నాం. ఇవ్వడం మంచిదే, ఇచ్చేది మీ సొమ్మై ఉండాలి.

అప్పు తెచ్చి "విత్తనం" వేయండి, వ్యాపారం వందరెట్లు అవుతుంది అని ఎవరైనా వేదిక మీద నుంచి చెబితే, ఆ మాట మీద ఖర్చు పెట్టకముందు గుంపులో మీ పుస్తకం తెరవండి.

గుంపులో క్రైస్తవులు మాత్రమే ఉండాలా?

ప్రార్థనతో మొదలుపెట్టే చోటు కావాలనుకోవడం సహజం. విశ్వాసం, కుటుంబం, డబ్బు ఒకే వాక్యంలో మాట్లాడుకోగల చోటు ఒకటి ఉండాలి. కానీ సరుకు, కొనుగోలుదారులు, బ్యాంకు, శిక్షణ అన్నీ ఆ గుమ్మానికి బయటే ఉన్నాయి.

దర్జీల సంగతి చూడండి. క్రిస్మస్‌కు ఊపిరాడదు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా శ్రమకాలం, చాలా సంఘాల్లో ఆ నలభై రోజులు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. చర్చివారి పనే నమ్ముకున్న దర్జీ అప్పుడు ఖాళీ. అదే సమయంలో మాఘ, ఫాల్గుణాల్లో హిందువుల పెళ్ళిళ్ళు జోరుగా ఉంటాయి. తిరిగి ఆషాఢంలో, మూఢంలో వారి ముహూర్తాలు ఉండవు, మనవారి పెళ్ళిళ్ళకు ఆ పట్టింపు లేదు. రెండు క్యాలెండర్లూ గోడకు తగిలించుకున్న దర్జీకి ఏడాదంతా పని. రంజాన్ మూడోది. వన్‌టౌన్‌లో ఈ రహస్యం తెలియని దుకాణదారుడు లేడు.

నేను డ్వాక్రా గ్రూపులో చేరాలా?

ఇప్పటికే లేకపోతే చేరండి. ఈ మహిళా పొదుపు గ్రూపులను గ్రామాల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా అనే ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. సాధారణంగా పదిమంది సభ్యులు, నెలనెలా పొదుపు, ఆ పొదుపు నుంచి లోపలి అప్పులు, ఆపై బ్యాంకు లింకేజి, అంటే గ్రూపు పేర బ్యాంకు అప్పు. మహిళా సంఘాల సహకార రుణ సంస్థ స్త్రీనిధి నుంచి కూడా అప్పు దొరుకుతుంది. స్వయం సహాయక బృందాలను బ్యాంకులకు కలపడం నాబార్డు 1992లో ప్రయోగంగా మొదలుపెట్టింది, ఆ పని మన రాష్ట్రంలో పాతుకున్నంతగా చాలా చోట్ల పాతుకోలేదు.

ఒక జాగ్రత్త. గ్రూపు అప్పు వచ్చింది కదా అని అందరూ సమానంగా పంచుకుని, పిల్లల ఫీజులకూ పండుగకూ వాడేసి, వాయిదాలు మాత్రం వ్యాపారం నుంచి కడుతుంటారు. మీ వాటా దేనికి తెచ్చారో పుస్తకం మొదటి పేజీలో రాయండి.

సొంతంగా బ్యాంకు అప్పు కావాలంటే?

ముద్ర పథకం 2015లో వచ్చింది. శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే విభాగం 2024లో చేరింది. దీనికి ఆస్తి తాకట్టు అడగకూడదు. "ఇంటి కాగితాలు తెండి" అంటే, "ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాసి ఇవ్వండి" అనండి. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఈ మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే ఇద్దరు వెళ్ళండి, ఒకరు మాట్లాడండి, ఒకరు రాసుకోండి.

కొత్తగా తయారీ యూనిట్ పెట్టేవారు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగాలి. 2022లో సవరించిన నిబంధనల్లో తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల ప్రాజెక్టు వరకు అవకాశం ఉంది. మహిళలు ప్రత్యేక వర్గం కింద వస్తారు: సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు, మూడేళ్ళపాటు మీ పేర బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తేలాక అప్పులో సర్దుబాటవుతుంది. సబ్సిడీలో వాటా అడిగే దళారికి ఈ సంగతి తెలుసు, మీకు తెలియదనే అతని ధైర్యం.

కుల ధ్రువీకరణ పత్రం విషయంలో భయంగా ఉంది. ఏ వర్గం కింద దరఖాస్తు చేయాలి?

చాలామంది గుసగుసగా అడిగేది ఇదే, కాబట్టి సూటిగా చెబుతాం. 1950 రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు, వారి సంతానం ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందకు వస్తారు. ఇది న్యాయమా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది, నాకూ ఒక అభిప్రాయం ఉంది. కానీ మీ వ్యాపారం ఆ వాదన తేలేదాకా ఆగలేదు.

పైన చెప్పిన ఉపాధి కల్పన పథకంలో ప్రత్యేక వర్గానికి మహిళ అయితే చాలు, కుల పత్రమే అక్కర్లేదు. మైనారిటీలకూ అదే వర్గం. ఉన్నది ఉన్నట్టు రాసి, రాత్రి నిద్రపోగల దరఖాస్తు పెట్టుకోండి.

క్రైస్తవుల కోసం రాష్ట్రంలో విడిగా క్రిస్టియన్ మైనారిటీల ఆర్థిక సంస్థ ఉంది. దాని పథకాలు ప్రభుత్వ నిధులను బట్టి మారుతుంటాయి. ప్రకటన వచ్చినప్పుడు గడువు తక్కువ ఉంటుంది, కాబట్టి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఫోటోలు ఒక కవరులో సిద్ధంగా పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్లు ఏవేవి కావాలి?

ఉద్యం నమోదు, అంటే మీది చిన్న వ్యాపారమని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో, పూర్తిగా ఉచితం. వెయ్యి, రెండు వేలు అడిగేవారికి ఇవ్వకండి. తినే వస్తువు అమ్మేవారికి ఆహార భద్రతా నమోదు తప్పనిసరి, ఇంటి వంటగదికైనా సరే. 14 అంకెల ఆ సంఖ్య సీసా మీద ఉండాలి.

జీఎస్టీలో మనవాళ్ళు తడబడే చోటు ఒకటుంది. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు దాటితేనే నమోదు. ఇది విని "మనకెందుకులే" అనుకుంటారు. కానీ పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, కొన్ని చేతివృత్తుల మినహాయింపులు తప్ప, అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు కావాలి. మన గోంగూర పచ్చడి ఎక్కువగా వెళ్ళేది హైదరాబాదుకు. 2014 నుంచి అది వేరే రాష్ట్రం.

పెద్ద స్థాయికి వెళ్ళాలనుకునేవారికి ఎవరున్నారు?

ఎలీప్ అనే మహిళా పారిశ్రామికవేత్తల సంఘం 1993 నుంచి పనిచేస్తోంది, విజయవాడ దగ్గర సూరంపల్లిలో వారి పారిశ్రామికవాడ ఉంది. ఊరికే చూసి రావడానికైనా ఒకసారి గుంపుగా వెళ్ళండి. ఆడవాళ్ళు యంత్రాల మధ్య నిలబడి పని నడపడం కళ్ళారా చూస్తే మీ లెక్కలు మారతాయి.

వారం వారం కట్టే అప్పులు సులువుగా ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

సులువుగా ఇస్తారు, ఇంటికే వస్తారు. 2006లో మన కృష్ణా జిల్లాలోనే సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళపై గొడవ రేగి అధికారులు శాఖలు మూయించారు. 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అయినా ఒక అప్పు తీర్చడానికి ఇంకోటి తెచ్చే అలవాటు పోలేదు. మీ రాబడి నెలకోసారో పండుగకోసారో వచ్చేదైతే, వారానికోసారి కట్టే అప్పు మీకు సరిపోదు. అంతే.

చీటీలు?

చీటీలు 1982 చట్టం కిందకు వస్తాయి, నమోదు చేసుకుని నడపాలి. నమోదు లేని చీటీలో, అందులోనూ "మన చర్చి ఆవిడే కదా" అన్న నమ్మకంతో వేసే చీటీలో, డబ్బుతో పాటు సంఘమూ పోతుంది. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ అనే గొలుసు పథకాలు 1978 చట్టం ప్రకారం నిషిద్ధం. మొదట "వందనాలు అక్కా" అని, తరువాత సబ్బుల పెట్టె తీసేవారిని గుర్తుపట్టడం మీకు నేర్పనక్కర్లేదు.

విదేశాల నుంచి ఒక సిస్టర్ నా వ్యాపారానికి గ్రాంటు ఇస్తానంటున్నారు. ముందు కొంత ఫీజు కట్టమన్నారు.

కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయండి.

మా ఆయనకు ఇష్టం లేదు.

కొందరు భర్తలకు ఇష్టం లేనిది వ్యాపారం కాదు, సాయంత్రం ఏడింటికి భార్య ఇంట్లో లేకపోవడం. కొందరికి గతంలో మీరు తెచ్చిన అప్పు భయం. ఏది కారణమో ముందు తెలుసుకోండి. పుస్తకం చూపించండి. మగవారికి మాటల కన్నా మొత్తాలు త్వరగా అర్థమవుతాయి. వ్యాపారపు బ్యాంకు ఖాతా మాత్రం మీ ఒక్కరి పేర ఉండాలి, ఆయన ఎంత మంచివారైనా సరే. ఇల్లు, వ్యాపారం ఒకే సంచిలో ఉంటే ఏది దేనిని తింటుందో తెలియదు.

ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉంటే అది వ్యాపార ప్రశ్న కాదు. మహిళల సహాయ సంఖ్య 181.

భర్త లేనివారు, పెళ్ళి కానివారు రావచ్చా?

ముందు వారినే పిలవండి. బ్యాంకులో "మీ వారిని తీసుకురండి" అన్న మాట ఎక్కువ వినేది వారే.

ఆదివారం దుకాణం తెరవాలా?

ఇది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవలసినది. బీసెంట్ రోడ్డులో ఆదివారం మూసిన కొట్టుకు ఎంత అమ్మకం పోతుందో తెలిసే కొందరు మూస్తారు. మూసేవారు ఆ సంగతి బోర్డు మీద రాయండి, కొనేవారు శనివారం వస్తారు.

మొదట్లో అందరూ వచ్చారు, ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఆపేయాలా?

క్రిస్మస్ రద్దీలో చాలా గుంపులు చెదురుతాయి, పరీక్షల నెలలో మళ్ళీ ఒకసారి. ఇద్దరుంటే గుంపు ఉన్నట్టే. రానివారిని నిందించే సందేశాలు పెట్టకండి. ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి, కూర్చుని, "చివరి పేజీలో ఎంత ఉంది?" అని అడగండి. ఎక్కువమంది మానేసేది విసుగొచ్చి కాదు, ఆ పేజీ పెద్దదై చదవడానికి మొహం చెల్లక. అలాంటప్పుడు ఆమె పుస్తకం గుంపులో చదివించవద్దు. పెద్ద బాకీ ఎవరిదో చూసి, మీ ఇద్దరిలో ఒకరు ఆ వారమే వెళ్ళి అడిగి రండి.